యంత్రాల బడిలో చదువుకున్న జి.డి. నాయుడు

పాతకాలపు మోటారుకారులో, నడిపేవాని కళ్ళెదుట, వేగం చూపే ముల్లు క్రింద, కందిగింజంత ఎర్ర దీపం ఒకటి ఉంటుంది. తాళం త్రిప్పగానే అది వెలగాలి. ఇంజను అందుకొని కొంచెం వేగం పుంజుకోగానే ఆరిపోవాలి. ఆరనిచో, బండి తాను సంపాదించుట మాని, దాచుకున్న దానిని తిని బ్రతుకుతున్నదని అర్థం. అట్లా ఎంత గొప్ప వాహనమైనా ఎంతో దూరం పోలేదు.

గత శీతాకాలంలో ఒక సాయంత్రం మా మేనమామగారి పాత అంబాసిడరులో దిల్‌సుఖ్‌నగర్ నుండి బడంగ్‌పేట మీదుగా నాదర్‌గుల్‌కు పోతుండగా ఈ దీపంతో మాకు పరిచయం కలిగినది. ఆ రాత్రి జరిగినది తరువాత చెబుతాము. ఆ రాత్రి ఇంటికి చేరిన పిమ్మట మా మనస్సులో మెదిలిన పేరు మాత్రం ఇప్పుడే చెప్పవలసి ఉన్నది. అది గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకానికి జి.డి. నాయుడు. తమిళనాడులోని కోయంబత్తూరు ఆయన ఊరు. ఇంట్లో మాట్లాడిన భాష మన తెలుగు. విజయనగర, నాయకరాజుల కాలాలలో దక్షిణానికి తరలిపోయి, కొంగునాట నల్లరేగడి దున్నుకొని స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ఆయనది ఒకటి. అక్కడి పిల్లలకు ఆయన కథ తెలుసు. మన పిల్లలకు తెలియదు. తెలుగు శాఖలో పాఠం చెప్పే మాకే చాలా ఆలస్యంగా తెలిసినదంటే, తప్పు పిల్లలది కాదు.

1893వ సంవత్సరం మార్చి 23వ తేదీన, కోయంబత్తూరుకు సమీపంలోని కలంగల్ గ్రామంలో, ఒక రైతు ఇంట ఆయన జన్మించారు. పసితనంలోనే తల్లి గతించినది. బడిలో ఆయన కుదురుగా కూర్చున్నది తక్కువ, అల్లరి చేసినది ఎక్కువ. చదువు మూడవ తరగతి దాటలేదు. తండ్రి పొలం పనికి పంపారు. పొలంలోనూ ఆ బాలుడు పని ఎగవేసి దొరికిన తమిళ పుస్తకమల్లా చదివేవాడట. బడి మానిన తరువాతనే చదువు మొదలైనదని ఆయన విషయంలో చెప్పుకోవచ్చును.

ఆ రోజులలో ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలు మీద ఆ ఊరి దారిన వచ్చాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు, తనంతట తాను పరుగెత్తే బండి! అది 1912 నాటి రడ్జ్ మోటారు సైకిలు. ఊరివారందరూ చూశారు; చూసి, ఆశ్చర్యపడి, ఎవరి పనికి వారు పోయారు. దొరస్వామి మాత్రం పోలేదు. ఆ బండి ఎట్లా నడుస్తున్నదో తెలిసేదాకా ఆయనకు నిద్ర పట్టే మార్గం లేకపోయినది. ఊరు విడిచి కోయంబత్తూరు చేరి ఒక హోటలులో వడ్డన పనికి కుదిరారు. పైసా పైసా కూడబెట్టి, కొన్ని వందల రూపాయలు ప్రోగయిన తరువాత అటువంటి మోటారు సైకిలునే కొన్నారు. కొన్నవారెవరైనా ఏమి చేస్తారు? ఎక్కి ఊరేగుతారు. ఈయన దానిని విప్పారు. చివరి మరదాకా విప్పి, ఏ భాగం ఏ పని చేస్తున్నదో గ్రహించి, మరల బిగించారు. ఏ విశ్వవిద్యాలయమూ ఇవ్వని పట్టా ఆయనకు ఆ రోజున లభించినది.

ఇక్కడ మరొక మహనీయుని తలచుకొనకుండా ఉండలేము. లండనులో పుస్తకాలకు అట్టలు కట్టే దుకాణంలో పనిచేస్తూ, అట్ట కట్టవలసిన పుస్తకాలనే చదివి శాస్త్రజ్ఞుడైన మైకేల్ ఫారడే. అయస్కాంతం ఎదుట తీగచుట్టను కదిలిస్తే అందులో విద్యుత్తు పుడుతుందని 1831లో ఆయన కనుగొన్నాడు. మోటారుకారులోని డైనమో ఆ సూత్రానికి సంతానమే. ఫారడేకు కూడ బడి చదువు అంతంత మాత్రమే.

నాయుడుగారి జీవితంలో తరువాతి ఘట్టం ఒడిదుడుకులది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో తిరుప్పూరులో పత్తి వ్యాపారం చేసి ధనం గడించారు. ఆ ధనంతో బొంబాయి పోయి అక్కడి పత్తి బజారులో పోగొట్టుకున్నారు. రిక్తహస్తాలతో తిరిగి వచ్చి మెకానిక్కు పనిలో ప్రవేశించారు. కోయంబత్తూరులో స్టేన్స్ అనే ఆంగ్లేయ పారిశ్రామికుడు ఈ యువకుని చేతిలోని నేర్పును గుర్తించి, బస్సు కొనుక్కొనడానికి చేయూతనిచ్చారు. 1920లో నాయుడుగారు ఒకే ఒక బస్సుతో రవాణా వ్యాపారం మొదలుపెట్టారు. పొళ్ళాచ్చి నుండి పళనికి బస్సు. యజమాని ఆయనే, డ్రైవరు ఆయనే, మరమ్మతు చేసేది ఆయనే. ఆ ఒక్క బస్సే క్రమంగా పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే సంస్థ అయినది. దేశంలో సమర్థంగా నడిచే బస్సు సంస్థలలో దానికి పేరు వచ్చినది.

బస్సు యజమానికి ఆ కాలంలో ఉన్న చిక్కులను ఈనాటి విద్యార్థి ఊహించడం కష్టం. అంతకు కొద్ది సంవత్సరాల పూర్వం వరకు మోటారు ఇంజనును చేతితో హ్యాండిలు వేసి త్రిప్పవలసినదే. ఇంజను వెనుకకు తన్నితే చేయి విరిగేది. అమెరికాలో ఛార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు కనుగొన్న విద్యుత్ సాధనం 1912 నాటి కాడిలాక్ కారులో అమరిన తరువాతనే, మీట నొక్కితే ఇంజను కదిలే రోజులు వచ్చాయి. ఆ సౌఖ్యం ఊరకనే రాలేదు. ఇంజనును కదిలించాలంటే బ్యాటరీ కావాలి. బ్యాటరీ ఖాళీ కాకుండా ఉండాలంటే ఇంజను నడిచినంతసేపూ డైనమో దానిని నింపుతూ ఉండాలి. ఇచ్చినదానిని తిరిగి తీసుకొనే ఈ చక్రంలో ఎక్కడ తెగినా బండి ఆగుతుంది. 1920 దశకపు డైనమోలకు వోల్టేజిని అదుపుచేసే రెగ్యులేటరు కూడ సరిగా లేదు. మూడవ బ్రష్షు ఒకటి పెట్టి, దానిని అటూ ఇటూ జరిపి సరిపెట్టుకునేవారు. పగలంతా దూరప్రయాణం చేస్తే బ్యాటరీ అతిగా నిండి ఉడికిపోయేది. అందుకని పట్టపగలు ముందు దీపాలు వెలిగించి నడిపే డ్రైవర్లు ఉండేవారు. ఎదుటివారు నవ్వేవారేమో కాని, అందులో తెలివి ఉన్నది. వోల్టేజిని దానంతట అదే అదుపుచేసే రెగ్యులేటర్లు 1930 దశకంలో కాని వ్యాప్తికి రాలేదు. అటువంటి రోజులలో, రాత్రివేళ నడిదారిలో బస్సు చీకటిపడి నిలిచిపోతే, దాని నాడి తెలిసిన యజమాని ఉండడమే ప్రయాణికుల అదృష్టం.

నాయుడుగారు బస్సులతో తృప్తి చెందలేదు. 1937లో కోయంబత్తూరులోని పీలమేడులో, నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ అనే తన కర్మాగారం నుండి, మన దేశంలో తయారైన మొట్టమొదటి విద్యుత్ మోటారును వెలువరించారు. ఈ కృషిలో డి. బాలసుందరం నాయుడు ఆయనకు కుడిభుజం. ఆయనే తరువాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించారు. ఈ మోటారు ప్రాముఖ్యం ఒక్క మాటలో చెప్పలేము. బావిలో నీరున్నా పైకి తోడలేక ఎండిపోయే కొంగునాటి చేలకు, ఎద్దుల మోట స్థానంలో పంపుసెట్టు వచ్చినది. కోయంబత్తూరు నగరం మోటార్లకు, పంపులకు భారతదేశమంతటా పేరుపొందడానికి అది శ్రీకారం. మన రంగారెడ్డి జిల్లా బోరుబావుల మీద ఈనాటికీ ఎన్ని కోయంబత్తూరు మోటార్లు పనిచేస్తున్నాయో చూచినవారికి ఈ మాట అతిశయోక్తి కాదు. పైగా, డైనమో వేరు, మోటారు వేరు అనుకోరాదు. ఒకటి త్రిప్పితే విద్యుత్తు ఇస్తుంది. మరొకటి విద్యుత్తు ఇస్తే తిరుగుతుంది. తీగచుట్ట ఒక్కటే, అయస్కాంతం ఒక్కటే. ఒకదానిని విప్పి తెలుసుకున్నవానికి రెండవది పరాయిది కాదు.

ఆయన చేసిన వస్తువుల పట్టిక పెద్దది. పొడి బ్యాటరీలతో నడిచే చిన్న మోటారు గల క్షౌర యంత్రం రాసంట్, అతి పలుచని క్షౌరపు బ్లేడులు, కిరోసినుతో తిరిగే పంకా, పండ్లరసం తీసే యంత్రం, మోసానికి వీలులేని ఓటు యంత్రం. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే ఇవ్వగలనని 1941లో ప్రకటించారు. ఓటు యంత్రం ఊసెత్తితే ఒక చిన్న సంగతి గుర్తుకు వస్తున్నది: 1936లో ఆయన ఎన్నికలలో నిలబడి ఓడిపోయారు. ఛాయాగ్రహణమంటే ఆయనకు ప్రాణం. విదేశాలకు పోయినపుడు కెమెరా వెంట ఉండవలసినదే. లండనులో అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను స్వయంగా చలనచిత్రంగా తీసుకున్నారు. పొలంలో ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయి మీద ప్రయోగాలు చేస్తే, వాటిని చూడడానికి సర్ సి.వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటి పెద్దలు వచ్చారు.

1952లో ఇద్దరు కూర్చొనదగిన పెట్రోలు కారును ఆయన తయారుచేశారు. ధర రెండు వేల రూపాయలు. ఒక గుమాస్తా కొనగల కారు! ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. తయారీ ఆగిపోయినది. సామాన్యుని కారు అనే మాట దేశం మరల వినడానికి చాలా సంవత్సరాలు పట్టినది. పన్నుల విధానం మీద కోపంతో ఆయన తన చేతి వస్తువులను నలుగురి ఎదుట పగులగొట్టించిన సంఘటన కూడ జరిగినది. ఈ చర్యను మేము మెచ్చుకొనలేము. వస్తువు పగిలితే ప్రభుత్వానికి నొప్పి కలుగదు. దానిని చూచి నేర్చుకొనవలసిన కుర్రవానికి నష్టం. అయితే ఆ కోపం వెనుక ఎన్ని తలుపులు ఆయన ముఖాన మూసుకున్నాయో కూడ తలచుకోవాలి.

మా ఉద్యోగానికి దగ్గరి విషయం ఇప్పుడు వస్తున్నది. 1945లో, అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరిట కోయంబత్తూరులో పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల ఏర్పడినవి. వాటి స్థాపనకు మూలపురుషుడు నాయుడుగారు. మొదటి ప్రిన్సిపాలు కూడ ఆయనే. మూడవ తరగతి చదివిన మనిషి ఇంజనీరింగు కళాశాలకు ప్రిన్సిపాలు! అదే నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల. అక్కడ ఆయనకు, ప్రభుత్వానికి పొత్తు కుదరలేదు. ఇంజనీరింగు చదువుకు నాలుగేండ్లు ఎందుకు, సెలవులు తగ్గించి చేతిపని పెంచితే రెండేండ్లలో పూర్తిచేయవచ్చును గదా అని ఆయన వాదం. ప్రభుత్వం అంగీకరించలేదు. ఆయన పదవి విడిచిపెట్టారు.

ఈ వాదంలో ఎవరి పక్షం వహించాలో మేము చాలాసేపు ఆలోచించాము. వంతెన కట్టేవానికి గణితం కావాలి, గణితానికి వ్యవధి కావాలి. అందరూ మోటారు సైకిలు విప్పి ఇంజనీర్లు కాలేరు. నాయుడుగారు తనకు సాధ్యమైనది అందరికీ సాధ్యమనుకున్నారేమో. అయినను, నాలుగేండ్లు చదివినవాడు కూడ కందిగింజంత దీపం ఎందుకు వెలుగుతున్నదో చెప్పలేనపుడు, ఆయన వాదాన్ని కొట్టివేయడం అంత సులభం కాదు. మా అంబాసిడరు కథ ఇక్కడ చెప్పవలసి వచ్చినది.

మా మేనమామగారి కారు డైనమో గలది. ఆ దీపం కొంతకాలంగా పూర్తిగా ఆరకుండా మసకగా వెలుగుతున్నది. నగరంలోని ఒక దుకాణంవారు బ్యాటరీ చెడిపోయినదన్నారు. కొత్త బ్యాటరీ వచ్చినది, దీపం ఆరలేదు. మరొకచోట డైనమో తీగచుట్ట కాలినదన్నారు. దానిని తీసివేయించి, రివైండు చేసిన వేరొక డైనమో బిగించారు, దీపం ఆరలేదు. పెద్దాయన పింఛనులో రెండు నెలల భాగం ఈ దీపానికి ఆహుతి అయినది. ఆ సాయంత్రం బడంగ్‌పేట దాటగానే ముందు దీపాలు వేశాము. ఎర్ర దీపం మరింత ఎర్రబడినది. నాదర్‌గుల్ చేరేసరికి ముందు దీపాలు కిరోసిను బుడ్ల వలె అయినవి. రోడ్డు ప్రక్కన రేకుల షెడ్డు ఒకటి కనబడితే అక్కడ ఆపాము.

షెడ్డులో నుండి వచ్చిన యువకుడు మమ్ములను చూడగానే చేతిలోని నూనెగుడ్డ వెనుకకు దాచి, సార్ అని పలుకరించాడు. మూడేండ్ల క్రితం మా డిగ్రీ మొదటి సంవత్సరం తరగతిలో వెనుక బల్ల మీద కూర్చున్న కుర్రవాడు. హాజరు చాలలేదని అతని పేరును పట్టిక నుండి కొట్టివేసినది మేమే. ఎందుకు రావడం లేదని ఒక్కనాడూ అడిగినవారము కాము. అతడు ఆ సంగతి ఎత్తలేదు. బానెటు ఎత్తాడు.

మొదట ఇంజను ఆపించి ఫ్యాను బెల్టును బొటనవ్రేలితో నొక్కి చూశాడు. నొక్కితే అర అంగుళం దాకా వంగాలట. అంతకు మించితే బెల్టు జారుతుంది, డైనమో సరిగా తిరగదు. ఆ బెల్టే నీటి పంపును కూడ త్రిప్పుతుంది. కనుక ఎర్ర దీపం ఒక్కసారిగా పూర్ణకాంతితో వెలిగితే ఇల్లు దగ్గరే గదా అని పోనీయక, వెంటనే ఆపి బెల్టు ఉన్నదా తెగినదా చూడాలని హెచ్చరించాడు. బెల్టు తెగినా అలాగే నడిపితే ఇంజను వేడెక్కి పట్టుకుంటుంది. బ్యాటరీ పోతే కొంత ఖర్చు, ఇంజను పోతే అంతకు ఎన్నో రెట్లు. ఆ ముక్క మా మేనమామగారికి బాగా అర్థమైనది.

తరువాత దీపం సంగతి చెప్పాడు. మేము తెలుగు వారమని తలచాడో ఏమో, త్రాసుతో పోల్చాడు. దీపానికి రెండు కొసలు. ఒక కొస తాళం మీదుగా బ్యాటరీకి, రెండవ కొస డైనమోకు. ఇంజను ఆగి ఉన్నపుడు బ్యాటరీ ప్రక్క 12 వోల్టులు, డైనమో ప్రక్క సున్న. త్రాసు ఒకవైపు ఒరిగినది, దీపం వెలిగినది. డైనమో తిరిగి, దాని వోల్టేజి బ్యాటరీతో సమానమైనపుడు రెండు తట్టలూ సమం, దీపంలో విద్యుత్తు ప్రవహించదు, ఆరుతుంది. కనుక దీపం ఆరినంత మాత్రాన బ్యాటరీ నిండుతున్నదనుకోరాదు. రెండు ప్రక్కలా తేడా లేదని మాత్రమే అది చెబుతుంది. అతిగా నిండుతున్నా అది చెప్పదు.

ఈ త్రాసు తెలిస్తే తక్కిన లక్షణాలన్నీ తేట. తాళం త్రిప్పినా దీపం అసలు వెలగకపోతే సంతోషించరాదు. బల్బు మాడినది, లేదా తీగ తెగినది. డైనమో బండ్లలో ఇంజను నెమ్మదిగా ఆడుతున్నపుడు దీపం మినుకుమినుకుమంటే భయం లేదు; వేగం పెరిగితే ఆరుతుంది. ఏ వేగంలోనూ ఆరక నిండుగా వెలిగితే బెల్టు లేదా డైనమో దోషం. తాళం తీసివేసిన తరువాత కూడ మసకగా వెలిగితే, కటౌట్ మొనలు అంటుకుపోయి బ్యాటరీ డైనమోలోనికి కారిపోతున్నదన్నమాట. ఆలస్యం చేయక బ్యాటరీ తీగ విప్పాలి. 1960 దశకం నుండి డైనమో స్థానంలో వచ్చిన ఆల్టర్నేటర్లలో మరొక విశేషం ఉన్నది: మొదటి ప్రేరణకు కావలసిన కొంచెం విద్యుత్తు చాలా బండ్లలో ఆ బల్బు గుండానే పోతుంది. అణాకాసు బల్బు మాడితే ఆల్టర్నేటరు పని మొదలుపెట్టకపోవచ్చును. అటువంటి బండిలో ఇంజను ఆడుతుండగా బ్యాటరీ తీగను విప్పి పరీక్షించడం మహాపరాధం. లోపలి డయోడ్లు పోతాయి. డైనమో కాలపు మెకానిక్కుల అలవాటు అది.

మా దీపం లక్షణం వీటిలో ఏదీ కాదు. మసకగా వెలిగి, ముందు దీపాలు వేస్తే ఎక్కువవుతున్నది. డైనమో మంచిదా కాదా అని మొదట తేల్చాడు. దాని మీది రెండు తీగలు విప్పి, రెండు మొనలను చిన్న తీగతో కలిపి, వోల్టు మీటరు ఒక కొస అక్కడ, మరొకటి ఇంజను ఇనుముకు పెట్టి, ఇంజనును మెల్లగా పెంచాడు. ముల్లు చకచక పైకి ఎక్కినది. 20 వోల్టులు మించనీయక ఆపాడు. ముల్లు ఒక వోల్టు దగ్గర నిలిస్తే ఫీల్డు చుట్టను, నాలుగైదు దగ్గర నిలిస్తే ఆర్మేచరును అనుమానించాలట. అసలు కదలకపోతే ముందుగా కార్బను బ్రష్షులు చూడాలట. మాది బాగున్నది. తీగలు మరల బిగించి, ముందు దీపాలు వేయించి చూస్తే డైనమో వద్ద పధ్నాలుగు వోల్టుల పైన, బ్యాటరీ వద్ద పన్నెండు చిల్లర. నడుమ రెండు వోల్టులు ఎక్కడ పోయినవి? తీగ వెంబడి మీటరుతో ఒక్కొక్క కీలు తడుముతూ పోయాడు. రెగ్యులేటరు పెట్టె నుండి బ్యాటరీకి పోయే తీగ మొన వద్ద ముల్లు లేచినది. మర విప్పితే తీగ కొస బొగ్గు వలె నల్లగా ఉన్నది. కొస కత్తిరించి, రాగి మెరిసేదాకా గీకి, బిగించాడు. దీపం ఆరినది. ముందు దీపాలు వేసినా వెలగలేదు. పావుగంట పని.

బ్యాటరీ చెడలేదు. డైనమో చెడలేదు. ఎవరూ ఆ తీగ వెంబడి నడవలేదు, అంతే.

తీసుకోనంటే తీసుకోనని మొండికేసినా మా మేనమామగారు బలవంతంగా కొంత సొమ్ము అతని జేబులో పెట్టారు. కళాశాల ఎందుకు మానివేశావని మేము అప్పుడు అడిగాము, మూడేండ్లు ఆలస్యంగా. తండ్రికి ప్రమాదం జరిగి షెడ్డు మూతబడే స్థితి వచ్చినదట. ఉదయం తరగతులు, ఉదయమే షెడ్డులో పని. రెండింటిలో ఒకటి ఇంటిల్లిపాదికి అన్నం పెట్టినది.

నాయుడుగారు 1944 నాటికే మోటారు వ్యాపారం నుండి తప్పుకొని దానధర్మాలకు, విద్యకు తన సంపాదన వినియోగించారు. 1967లో కోయంబత్తూరులో పారిశ్రామిక ప్రదర్శనశాల ఏర్పాటుచేశారు. యంత్రాన్ని అద్దాల వెనుక పెట్టి దండం పెట్టించడం కాక, దాని లోపలిని చూపడం ఆయనకు ఇష్టం. 1974వ సంవత్సరం జనవరి 4వ తేదీన, ఎనభై ఏండ్లు నిండి, కన్నుమూశారు. పాత కార్లు చూడగోరేవారికి ఆయన కుటుంబంవారు 2015లో ఆ నగరంలోనే కార్ల మ్యూజియం ఒకటి తెరిచారు. అవినాశి రోడ్డు మీద 2025లో ప్రారంభమైన పొడవైన పైవంతెనకు ఆయన పేరు పెట్టారు. బస్సు నడిపిన మనిషికి అది తగిన గౌరవమే.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం చేసుకొని ఊరుకుంటాము. మా కళాశాలలో చదివే పిల్లలలో ఎందరి అన్నలో, తండ్రులో షెడ్డులలో, లేత్ యంత్రాల వద్ద, వైండింగు దుకాణాలలో పనిచేస్తున్నారు. సాయంత్రపు తరగతులు పెట్టితే పట్టిక నుండి కొట్టివేయబడిన పేర్లు కొన్ని తిరిగి రావచ్చును. నాదర్‌గుల్ కుర్రవానిని అడిగితే, సాయంత్రమైతే వస్తానన్నాడు. డిగ్రీ పూర్తిచేయాలని అతని తల్లి కోరిక. దరఖాస్తు పత్రం మేమే తీసుకొని పోయి ఇచ్చాము. నిర్ణయం కమిటీ వారిది.

మా మేనమామగారి కారు నుండి అకారణంగా ఊడదీసిన పాత డైనమో ఇప్పుడు మా తెలుగు శాఖ గదిలో, నిఘంటువుల ప్రక్కన ఉన్నది. భౌతికశాస్త్ర శాఖవారు కోరితే ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాము. దాని రెండు మొనలలో ఏది పెద్దదో, ఏది చిన్నదో చూస్తే తెలుస్తుంది. బిగించి ఉన్న రెండు పొడవాటి మరలు విప్పితే లోపలిదంతా బయటికి వస్తుంది. స్క్రూడ్రైవరు కూడ అక్కడే పెట్టాము.